తిరిగొచ్చిన పళ్ళేలు

మా అత్త ఆసుపత్రిలో ఎవరి ముఖమూ ముందు చూడదు, పళ్ళెం చూస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి వార్డుల నుంచి భోజనం బళ్ళు తిరిగొస్తాయి. ఆ వేళకి కింది అంతస్తులో, వంటగది గుమ్మం పక్కన, కాటా ముందు నిలబడి ఉంటుంది. పళ్ళెం కాటా మీద పెడుతుంది, ముల్లు చూస్తుంది, ఖాళీ పళ్ళెం బరువు మనసులోనే తీసేస్తుంది, మిగిలిన అంకె ఆ మంచం తాలూకు చార్టులో రాస్తుంది. ఇరవైతొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

ఆమె అక్కడ డైటీషియన్. ఏ రోగికి ఏం పెట్టాలో చెప్పే ఉద్యోగం. ఏం పెట్టామో రాస్తే ఆ పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఏం తిన్నారో రాసినప్పుడే పని మొదలవుతుందని మా అత్త నమ్మకం. ఆ పక్కనే ఉన్న వైద్య కళాశాల విద్యార్థులు ఆమెకి పెట్టిన పేరు కాటా మేడం. ఎదుట అనరు గానీ, ఆమెకి తెలుసు. "ఎంగిలి మేడం అనకుండా వదిలేశారు, మంచి పిల్లలు" అంటుంది.

నేను చదువుకోసం వాళ్ళింట్లో ఉన్న ఐదేళ్ళలో ఆమె నోట నేను ఎక్కువసార్లు విన్నది ఒక్కటే ఫిర్యాదు. డాక్టర్లకి తిండి గురించి ఎవరూ నేర్పరని.

"ఐదేళ్ళు చదువుతారే! అందులో తిండి గురించి ఉన్నది విటమిన్ల పాఠం ఒక్కటి. అది కూడా మొదటి ఏడాదిలో చదివి, పరీక్ష రాసి, రెండో ఏడాదికి కడిగేసుకుంటారు. గుండెకి గదులెన్నో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. గరిటెకి ఎంత పప్పు పడుతుందో మాత్రం అడక్కూడదు."

ఒకసారి ఒక కుర్ర డాక్టరు చార్టులో 'బలమైన ఆహారం ఇవ్వండి' అని రాసి, కింద గీత కూడా గీశాడట. అత్త ఆ కాగితం పట్టుకుని మూడంతస్తులు ఎక్కి వెళ్ళింది.

"బలమైన ఆహారమంటే ఏంటి బాబూ? కర్ర పట్టుకుని కొడుతుందా?"

ఈ మాట మామయ్యకి ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత నెలరోజులపాటు కంచం ముందు కూర్చోగానే "ఇవాళ్టి ఆహారం ఎవర్ని కొడుతుంది?" అని అడిగేవాడు. మామయ్య దర్జీ. ఇంటి ముందు గదిలోనే మిషను. "మా ఇద్దరిదీ కొలతల పనే. నేను మనిషిని పైనుంచి కొలుస్తాను, ఈవిడ లోపల్నుంచి కొలుస్తుంది" అని కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

వైద్య విద్యార్థులందర్నీ చివరి ఏడాదిలో రెండు వారాలు తన వంటగదికి పంపాలనీ, దానికి మార్కులుండాలనీ అత్త తొమ్మిదేళ్ళు అర్జీలు పెట్టింది. ఆ తొమ్మిదేళ్ళలో ముగ్గురు ప్రిన్సిపాళ్ళు మారారు, అర్జీ మారలేదు. 'పరిశీలిస్తాం' అనే జవాబూ మారలేదు. నాలుగో ప్రిన్సిపాల్ మితభాషి. ఆయన ఆమెని పిలిపించి రెండు ముక్కలు చెప్పాడు. ఆరుగురు విద్యార్థుల్ని రెండు వారాలు ఇస్తాడు. పన్నెండో రోజున ప్రొఫెసర్ల కమిటీ కూర్చుంటుంది. వాళ్ళకి నచ్చితే వచ్చే ఏడాదినుంచి అందరికీ తప్పనిసరి. నచ్చకపోతే ఏడాదికి ఒక గంట ఉపన్యాసం, అంతటితో సరి.

అత్తకి రిటైర్మెంటు ఏడాదిన్నరలో ఉంది. ఐదో ప్రిన్సిపాల్ కోసం ఎదురుచూసే వ్యవధి లేదు.

"గంట ఉపన్యాసమంటే కూరలో కరివేపాకు" అంది ఆ సాయంత్రం. "వాసనకి వేస్తారు, తీసి పక్కన పెడతారు."

"పన్నెండు రోజులు చేతిలో ఉంటే ఇప్పట్నుంచే కరివేపాకు సంగతెందుకు?" అన్నాడు మామయ్య. "ముందు పొయ్యి వెలిగించు."

*

మొదటి రోజు ఆరుగురూ తెల్లకోట్ల మీద ఏప్రన్లు కట్టుకుని, తలకి టోపీలు పెట్టుకుని, వంటగదిలో గోడకి ఆనుకుని నిలబడ్డారు. పెద్ద గిన్నెల మీద ఆవిరి, గచ్చు మీద తడి. వంటవాళ్ళకి పెద్ద అయిన లావుపాటి మనిషిని అందరూ పెద్దవంట అంటారు. ఆయన వాళ్ళని ఎగాదిగా చూసి, "మేడం, వీళ్ళకి ఉల్లిపాయలు ఇవ్వమంటారా? ఎలాగూ ఏడుపు మొహాలు పెట్టారు" అన్నాడు.

ఆ ఆరుగురిలో ఒకడికి తరగతిలో ఎప్పుడూ మొదటి స్థానం. వాణ్ణి స్నేహితులు గోల్డ్‌మెడల్ అంటారు. వాడు ఉండబట్టలేక అడిగాడు.

"మేడం, మేం డాక్టర్లు కావాలని వచ్చాం కదా, వంట నేర్చుకోవడం ఎందుకండీ?"

"వంట నేర్పను నాయనా. అది ఇరవయ్యేళ్ళు చేసినా పెద్దవంటకే రాలేదు" అంది అత్త. పెద్దవంట గరిటె ఎత్తి నమస్కారం పెట్టాడు. "నీ చేత్తో రాసిన చీటీ కిందికి దిగొచ్చాక ఏమవుతుందో చూపిస్తాను. రాయి. నడివయసు మనిషి, కడుపు ఆపరేషనయింది. ఏం తినాలి?"

గోల్డ్‌మెడల్ టకటకా లెక్క కట్టి రాశాడు. మెత్తటి ఆహారం, రోజుకి ఇన్ని కేలరీలు, ఇంత ప్రోటీను. లెక్కలో తప్పు లేదు. "ఇప్పుడు పళ్ళెంలో పెట్టు" అంది అత్త. మెత్తగా ఉడికిన అన్నమూ పప్పూ పెట్టుకుంటూ పోతే, వాడి లెక్క పూర్తయ్యేసరికి పళ్ళెంలో చిన్న గుట్ట లేచింది. గరిటె జారి గచ్చు మీద కూడా కొంచెం పడింది.

"తిను."

"నేనా మేడం?"

"ఆపరేషనైన కడుపు తింటుందని నువ్వే రాశావుగా. ఏ ఆపరేషనూ కాని కడుపు తినలేదా?"

సగానికి వాడి కళ్ళు తేలిపోయాయి. అప్పుడు అత్త ఒక గుడ్డూ, గ్లాసు పాలూ, చెంచాడు నూనే తీసి, అదే లెక్క ఎంత చిన్న పళ్ళెంలో ఇముడుతుందో, దాన్ని ఆరు పూటలకి ఎలా పంచొచ్చో చూపించింది. ఆ రోజే ఒక నియమం పెట్టింది. ఎవరు ఏ రోగికి ఏ ఆహారం రాస్తే, ఒక రోజంతా వాళ్ళూ అదే తినాలి. ఉప్పు లేని ఆహారం రాసినవాడు సాయంత్రానికల్లా చిటికెడు ఉప్పుకోసం బతిమాలాడు. "రోగికి నెలరోజులు రాశావు. నువ్వు మూడు పూటలకే అర్జీ పెడుతున్నావు" అని అత్త ఉప్పుడబ్బా మీద మూత బిగించింది.

రెండో రోజునుంచి ఒక్కొక్కరికీ ఐదు మంచాలు. పన్నెండున్నరకి భోజనం పట్టుకెళ్ళాలి. ఒంటిగంటన్నరకి పళ్ళేలు తెచ్చి కాటా మీద పెట్టాలి. ఒకరు తిని వదిలింది చేత్తో పట్టుకోవడానికి మొదట్లో ముక్కులు ముడిచారు. నాలుగో రోజుకి, "మేడం, ఇరవయ్యో మంచం గుడ్డు తెల్లసొన వదిలేసి పచ్చసొన తింది", "మేడం, ఏడో మంచాయనకి కట్టుడుపళ్ళు ఇంట్లో ఉండిపోయాయి, రొట్టె ఎలా నములుతాడు?" అంటూ పోటీలు పడి రావడం మొదలుపెట్టారు. ఇంటికొచ్చాక అత్త ఈ మాటలన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పేది. చెప్తున్నంతసేపూ మామయ్య మిషను ఆపేసి వినేవాడు.

ఒక్క అమ్మాయి మాత్రం రోజూ ఆలస్యం. అందరూ ఒంటిగంటన్నరకి వస్తే, ఆమె రెండింటికో, రెండుంబావుకో వచ్చేది. మాట తక్కువ. అడిగితే "సారీ మేడం" అనేది, అంతే. పెద్దవంట ఆమెకి లేటమ్మ అని పేరు పెట్టేశాడు.

ఎనిమిదో రోజున ఆమె రెండున్నరకి వచ్చింది. అంట్లు తోమేవాళ్ళు ఎదురుచూస్తున్నారు. అత్తకి ఒళ్ళు మండింది.

"అమ్మా, పళ్ళేలు తెస్తున్నావా, కుండలు చేసి మరీ తెస్తున్నావా?"

ఆ అమ్మాయి ఐదు పళ్ళేలూ బల్లమీద పెట్టి, పైదాన్ని విడిగా తీసింది. అది శుభ్రంగా ఉంది.

"మేడం, ఇది పద్నాలుగో మంచంది."

"చూస్తే తెలియట్లేదూ? ఖాళీ చేశాడు. రోజూ చేస్తాడు. నా చార్టులో అందరికంటే బాగా తినేది ఆయనే."

"ఖాళీ అయింది మేడం. ఆయన చెయ్యలేదు."

అత్త చేతిలో పెన్ను ఆగిపోయింది.

పద్నాలుగో మంచం మనిషి తాపీమేస్త్రీ. కడుపు ఆపరేషనై మూడు వారాలైంది, గాయం మానడం లేదు. మందులు రెండుసార్లు మార్చారు. లోపల ఇంకేదో ఉందేమోనని మళ్ళీ కోసి చూడాలా అని ఆలోచిస్తున్నారు. తిండి సంగతి ఎవరూ అనుమానించలేదు. ఎందుకంటే చార్టులో పదకొండు రోజులుగా మా అత్త చేతిరాతతో, మా అత్త సంతకంతో, 'ఆహారం పూర్తిగా తీసుకుంటున్నారు' అని ఉంది.

లేటమ్మ ఆ చార్టు చదివిందట. చదివి, ఆయన చేతికి కట్టిన ఆసుపత్రి పట్టీ చూసిందట. చేరిన రోజు మణికట్టుకి సరిగ్గా కట్టినది, ఇప్పుడు మోచేతిదాకా జారుతోంది. అంత తినే మనిషికి చెయ్యి ఇలా ఎందుకుంది అనిపించి, పళ్ళెం ఇచ్చాక వెళ్ళకుండా మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఇన్ని రోజులూ ఆయన ఆమె ముందు మర్యాదకి నాలుగు ముద్దలు తిన్నాడు. ఆ రోజు ఆమె పక్క మంచం వైపు తిరిగి కూర్చుంది.

మేస్త్రీ భార్య మందుల కౌంటరు దగ్గర నిలబడి ఒంటిగంటకి వస్తుంది. ఆమె రాగానే ఆయన మూత తీయని పళ్ళెం ఆమె వైపు జరిపాడు. "నేను ఇందాకే తినేశాను. ఇది నీకు పంపారు. తోడున్నవాళ్ళకి కూడా పెడుతున్నారీమధ్య" అన్నాడు. ఆమె నమ్మింది. పదకొండు రోజులుగా నమ్ముతూనే ఉంది. శుభ్రంగా తిని, పళ్ళెం కడిగి మరీ ఇస్తోంది.

అత్త కాటా దగ్గరే కూర్చుండిపోయింది. ఆమె ఆ వేళప్పుడు కూర్చోవడం పెద్దవంట ఎన్నడూ చూడలేదట. ఒక్క నిమిషం. తర్వాత లేచి, "పద" అంది.

వార్డులో మేస్త్రీ దొంగతనంలో పట్టుబడ్డవాడిలా చూశాడట. "నాకు రెండు ముద్దలు తినేసరికి కడుపు నొక్కేస్తోందమ్మా. అది పొద్దున్నుంచీ టీ నీళ్ళ మీద ఉంటుంది. పారేసేదే కదా అని..." అన్నాడు. అప్పుడే సంగతి తెలిసిన భార్య, "నీ నోటి ముందుదా నేను తిన్నది!" అని మొగుడి భుజం మీద ఒకటి వేసింది, ఆ వెంటనే ఆ భుజమే పట్టుకుని ఏడ్చింది. ఆ పూటనుంచి అత్త ఆమెకి విడిగా ఒక పళ్ళెం ఏర్పాటు చేసింది. ఆయనకి పెద్ద పళ్ళెం ఆపేసి, రోజుకి ఆరుసార్లు, గుప్పెడు గుప్పెడు. ప్రతిసారీ పక్కన లేటమ్మ ఉండాలి. చార్టులో తన పాత రాతలు కొట్టేయకుండా, కింద ఎర్రసిరాతో రాసింది: 'పై పదకొండు రోజుల వివరం తప్పు. రోగి తినలేదు.' సంతకం పెట్టి, సర్జరీ ప్రొఫెసర్ గదికి తనే పట్టుకెళ్ళి ఇచ్చింది. రెండో ఆపరేషను ఆలోచన ఆయన వాయిదా వేశాడు.

*

కమిటీకి ఇంకా నాలుగు రోజులుంది. గోల్డ్‌మెడల్ ముప్ఫై మంచాల్లో ఇరవైతొమ్మిదింటి లెక్కలతో అందమైన నివేదిక తయారుచేశాడు, రంగురంగుల గీతలతో. అందులో పద్నాలుగో మంచం లేదు.

"ఇరవైతొమ్మిది ఉన్నాయి కదా మేడం, చాలవా?" అన్నాడు. వాడు ఆమె మంచికే అన్నాడు. పెద్దవంట కూడా, "ఆ ప్రొఫెసర్లు ఎప్పుడు దొరుకుతారా అని కాచుక్కూర్చున్నారు. కొరివితో తల గోక్కోవడం ఎందుకు మేడం? అది చార్టులో ఉంది, చాలు. సభలో చదవాలా?" అన్నాడు.

ఆ రాత్రి అత్త అన్నం కెలుకుతూ కూర్చుంది.

"తూచండి, రాయండి, మీకంతా తెలిసిపోతుందని చెప్పానండీ ఆ పిల్లలకి. తొమ్మిదేళ్ళుగా అర్జీలో రాసింది కూడా అదే. ఇప్పుడు నా కాటాయే అబద్ధం చెప్పిందని ఎలా చెప్పను? చెప్తే తలుపు మూసేస్తారు."

"కత్తిరింపు తప్పినప్పుడు నేనేం చేస్తాను?" అన్నాడు మామయ్య.

"బట్ట ఇచ్చినవాళ్ళ మీద అరుస్తారు."

"అరిచాక? కుట్టు విప్పుతాను. విప్పకుండా ఇస్త్రీ చేస్తే మడత పోతుంది గానీ తప్పు పోదు. తొడుక్కున్నవాడికి చంకలో తెలుస్తూనే ఉంటుంది."

అత్త కంచంలోది మొత్తం తిని లేచింది.

కమిటీ గదిలో ఏం జరిగిందో అత్త నాలుగు ముక్కల్లో చెప్పింది. మిగతాది తర్వాత లేటమ్మ చెప్పింది. పొడుగాటి బల్ల, ఏడుగురు ప్రొఫెసర్లు, ఒక చివర ప్రిన్సిపాల్, గోడవారన ఆరుగురు విద్యార్థులు. అత్త నివేదిక తెరవకుండా పక్కన పెట్టి, నిలబడే, మొదట పద్నాలుగో మంచం కథ చెప్పింది. తన సంతకం ఉన్న చార్టు బల్ల మీద పెట్టింది.

మెడిసిన్ ప్రొఫెసర్ కళ్ళజోడు తీశాడు. మొదటినుంచీ ఆయనకి ఈ వంటగది చదువు ఇష్టం లేదు.

"ఇరవైతొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న మీకే తెలియలేదు. రెండు వారాల్లో ఈ పిల్లలకి ఏం తెలుస్తుందండీ?"

"నాకు తెలియనిదే తెలిసిందండీ" అంది అత్త. "అందుకే పంపమంటున్నాను."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అత్త ఆగలేదు.

"నేను కింద కాటా దగ్గర ఉంటాను. మీరు పొద్దున తొమ్మిదింటికి రౌండ్సుకి వస్తారు. రోగి తినేది ఒంటిగంటకి. ఆ వేళ మంచం దగ్గర మనం ఎవరం ఉండం. నేను పళ్ళెం చూసి మనిషిని చూశాననుకున్నాను, మీరు నా సంతకం చూసి రోగిని చూశామనుకున్నారు. ఈ అమ్మాయి ఒక్కతే మనిషిని చూసింది. నేను నేర్పింది తను తీసుకుంది, నేను నేర్పలేనిది తను కనిపెట్టింది. ఇంతకంటే మంచి విద్యార్థిని నేను చూపించలేను. నచ్చకపోతే మీ ఇష్టం."

ప్రిన్సిపాల్ లేటమ్మ వైపు తిరిగాడు. "ఎలా కనుక్కున్నావమ్మా?"

"కూర్చున్నాను సార్."

"అంతేనా?"

"అంతే సార్. పట్టీ వదులైందని అనుమానం వచ్చింది. నిలబడి చూస్తే ఆయన మొహమాటపడుతున్నారు. అందుకని కూర్చున్నాను. కొంచెం... కాళ్ళు కూడా నొప్పిగా ఉన్నాయి సార్."

ఈసారి ఎవరూ నవ్వు ఆపుకోలేదు. మెడిసిన్ ప్రొఫెసర్ కూడా. నవ్వులు తగ్గాక సర్జరీ ప్రొఫెసర్, "ఆ గాయం ఇంకా మానలేదు. కానీ మూడు వారాల తర్వాత మొదటిసారి అంచులు ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాయి. ఇంకోసారి కోయాలని రాసిన కాగితం నా బల్ల మీదే ఉంది. నేను దీనికి ఒప్పుకుంటున్నాను" అన్నాడు.

మరో గంట వాదించుకున్నారు. ఎక్కడ సర్దాలి, ఏ సబ్జెక్టులోంచి రోజులు కోయాలి అని. ఎవరూ తన రోజులు వదలడానికి ఇష్టపడలేదు. చివరికి రెండు వారాలూ ఇచ్చారు. అయితే అత్త అడిగినట్టు కాదు. ఒక వారం వంటగదిలో, ఒక వారం భోజనం వేళ మంచాల దగ్గర. చివరి పరీక్షలో మార్కులతో సహా. ప్రిన్సిపాల్ నిర్ణయం చదివి, "ఇది మీ అర్జీకంటే మెరుగ్గా ఉందనుకుంటున్నాను" అన్నాడట. "ఉందండీ" అందట అత్త.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే, "తప్పనిసరి చేశారు. మార్కులు కూడా" అంది. మామయ్య టేపు మెడలో వేసుకునే బయటికొచ్చి, కొలతలకి వచ్చి నిలబడ్డ మనిషిని అలాగే చేతులు చాపి ఉంచేసి, వీధిలో పోతున్న వాళ్ళని కూడా ఆపి చెప్పాడు. "మా ఆవిడ డాక్టర్లకి పాఠం చెప్తుంది. తప్పనిసరి పాఠం!" నేను అత్త పక్కన నిలబడ్డాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మేస్త్రీ ఇంకో ఐదు వారాలకి నడిచి ఇంటికి వెళ్ళాడు. వెళ్ళే ముందు వంటగది గుమ్మం దగ్గర గచ్చు పగిలిన చోట చూసి, "ఇది ఎవడు వేశాడమ్మా, చెయ్యి విరగ్గొట్టాలి. ఓపికొచ్చాక నేనొచ్చి వేస్తాను" అని చెప్పి వెళ్ళాడట.

మరుసటి ఏడాది మొదటి జట్టులో ఇరవైనాలుగు మంది వచ్చారు. అత్త వాళ్ళకి మొదటి పాఠంగా చెప్పేది ఆ పదకొండు రోజుల చార్టే. రోగి వివరాలు చెరిపేసిన నకలు. తన సంతకం మాత్రం చెరపలేదు. "ఈ సంతకం ఎవరిది మేడం?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "నాదే. కూర్చో, చెప్తాను" అంటుంది.

మొన్న ఒక మధ్యాహ్నం ఆమెకి కళ్ళజోడు ఇవ్వడానికి వెళ్ళాను. సర్జరీ వార్డు గుమ్మంలో నిలబడి ఉంది. లోపల చాలా మంచాల పక్కన ఒక్కో తెల్లకోటు కూర్చుని ఉంది. ఒకడు నారింజ ఒలుస్తున్నాడు. ఒకమ్మాయి ఒక ముసలమ్మతో గుడ్డు విషయమై బేరమాడుతోంది. "సగం తింటే సగం వదిలేస్తానమ్మమ్మా." ఇంతలో వార్డు సిస్టర్ విసుక్కుంటూ మా దగ్గరికొచ్చింది.

"మేడం, మీ పిల్లల దెబ్బకి నా వార్డులో ఒక్క స్టూలు మిగల్లేదు. నా ఇంజెక్షను ట్రే పెట్టుకోవడానికి కూడా లేదు. వీళ్ళు కూర్చుంటే లేవరు. నేను ఏం చేసేది?"

"కొత్త స్టూళ్ళు కావాలని ఇండెంటు రాయండి సిస్టర్."

"ఎన్నని రాయను?"

అత్త కళ్ళజోడు పెట్టుకుని, ఆ మూలనుంచి ఈ మూలదాకా మంచాలన్నీ లెక్కపెట్టింది.

"ముప్ఫైరెండు రాయండి. సంతకం నేను పెడతాను."